టోక్యోలో పదిహేను వందల యెన్‌ల లోపు ఒక రోజు: ఒకే సబ్‌వే లైన్ మీద మూడు తోటలు, ఊరంతా కనిపించే ఒక మేడ

టోక్యో అంటే ఖర్చు అనే మాట మనవాళ్ల నోట తరచూ వింటాం. అందులో నిజం లేకపోలేదు. స్కైట్రీ పైకి వెళ్లాలన్నా, షిబుయా స్కై ఎక్కాలన్నా మనిషికి రెండు వేల యెన్‌ల పైమాటే. నలుగురున్న ఇంటికి ఆ ఒక్క టికెట్టే బరువు. కానీ ఇదే ఊళ్లో పాతకాలం నాటి తోటల్లోకి వెళ్లడానికి 150 నుంచి 300 యెన్‌లు చాలు. 202 మీటర్ల ఎత్తు నుంచి ఊరంతా చూడ్డానికైతే టికెట్టే లేదు.

వచ్చిన కొత్తలో నేను ఈ తోటలను వారానికొకటి చొప్పున చూశాను. ప్రతిసారీ రెండు మూడు కంపెనీల రైళ్లు మారేవాణ్ణి. అమ్మానాన్న వస్తున్నారని తెలిశాక, వాళ్లను ఎక్కువ తిప్పకుండా అన్నీ ఎలా చూపించాలా అని సబ్‌వే మ్యాప్ ముందేసుకుని కూర్చున్నాను. అప్పుడు గమనించాను: నాకు బాగా నచ్చిన మూడు తోటలూ, ఉచితంగా ఎక్కే ఆ మేడా ఒకే లైన్ మీద ఉన్నాయి. అదే ఓఎదో లైన్. మ్యాప్‌లో ముదురు గులాబీ రంగులో, ఊరి చుట్టూ వడ్డాణంలా కనిపిస్తుంది. ఒక చివర మొదలుపెట్టి ఒకే దిశలో వెళ్తూ ఉంటే చాలు, రోజంతా ఎక్కడా వెనక్కి తిరగాల్సిన పని లేదు.

వరుస ఇదీ: ఉదయం ఈదాబాషి స్టేషన్ దగ్గర కోయిషికావా కోరాకుయెన్, తర్వాత కియోసుమి షిరాకావా దగ్గర కియోసుమి తోట, మధ్యాహ్నం షియోదోమె దగ్గర హమారిక్యూ, సాయంత్రం తోచోమాయెలో ప్రభుత్వ భవనం.

ముందు రోజే చూసుకోవలసినవి

ఓఎదో లైన్ తోయే సంస్థది, అంటే టోక్యో మహానగర ప్రభుత్వానిది. తోయే వాళ్ల ఒక రోజు పాస్ ధర పెద్దలకు 700 యెన్‌లు, పిల్లలకు 350. దీంతో తోయే సబ్‌వే లైన్లు నాలుగింటిలోనూ, తోయే బస్సుల్లోనూ ఆ రోజంతా ఎన్నిసార్లైనా ఎక్కొచ్చు, దిగొచ్చు. తోయే రైలు ఎంత దగ్గరికి ఎక్కినా కనీస చార్జీ 180 యెన్‌లు. మనం తిరిగే దూరాలకు అంతకంటే ఎక్కువే పడుతుంది కాబట్టి నాలుగు ప్రయాణాలకే పాస్ డబ్బు వచ్చేస్తుంది. పాస్‌ను ఏ తోయే స్టేషన్‌లోనైనా టికెట్ మెషీన్‌లో కొనుక్కోవచ్చు. మెషీన్‌ను ఇంగ్లీషులోకి మార్చుకుని వన్‌డే పాస్ అన్న బటన్ నొక్కాలి.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఒక్కచోటే. టోక్యోలో సబ్‌వే నడిపేవి రెండు సంస్థలు, తోయే ఒకటి, టోక్యో మెట్రో మరొకటి. వీటికి తోడు జేఆర్, అంటే జపాన్ రైల్వేస్ రైళ్లు ఉన్నాయి. తోయే పాస్ మిగతా రెండింట్లో చెల్లదు. ఈదాబాషి లాంటి పెద్ద స్టేషన్‌లో ముగ్గురి గేట్లూ ఉంటాయి, అందుకే బోర్డు చూసి నడవాలి. ఆకుపచ్చ జింకో ఆకు గుర్తు తోయేది, నీలం రంగులో ఉన్న ఎం గుర్తు మెట్రోది. ఓఎదో స్టేషన్లకు ఇంగ్లీషు 'ఈ' (E) అక్షరంతో నంబర్లు ఉంటాయి: ఈదాబాషి ఈ06, కియోసుమి షిరాకావా ఈ14, షియోదోమె ఈ19, తోచోమాయె ఈ28. పేర్లు నోరు తిరగకపోతే ఈ నంబర్లు ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

కాగితం పాస్ కొంటే దాన్ని గేటులోని సందులో పెట్టాలి, అవతలి వైపు పైకి వస్తుంది, తీసుకోవాలి. కొన్ని గేట్లు కార్డులకు మాత్రమే. కాగితం పెట్టే సందు ఉన్న గేటు దగ్గరికే వెళ్లండి.

తోటలు మూడూ ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు తెరిచి ఉంటాయి, 4:30 దాటితే లోపలికి పంపరు. డిసెంబర్ 29 నుంచి జనవరి 1 వరకు సెలవు. టికెట్లు కోయిషికావాకు 300, కియోసుమికి 150, హమారిక్యూకు 300 యెన్‌లు. ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలకు టికెట్టు లేదు. 65 ఏళ్లు దాటినవాళ్లకు 150, 70, 150 మాత్రమే. మన దగ్గర్నుంచి అమ్మానాన్నలను తెచ్చుకున్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. వయసు రుజువు కోసం పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోండి, ఎలాగూ విదేశీ సందర్శకులు దాన్ని వెంట పెట్టుకునే తిరగాలి. మే 4న, అక్టోబర్ 1న ఈ తోటలకు ప్రవేశం అందరికీ ఉచితం, కాకపోతే ఆ రోజుల్లో జనం బాగా ఉంటారు.

సాయంత్రం ఎక్కే మేడలో ఊరు చూసే దక్షిణ వైపు గది ప్రతి నెలా మొదటి, మూడో మంగళవారాలు మూసి ఉంటుంది. వీలైతే మంగళవారం వదిలేసి ప్లాన్ చేసుకోండి.

ఆ రోజు సూర్యాస్తమయం ఎన్నింటికో కూడా చూసి పెట్టుకోండి. డిసెంబర్‌లో నాలుగున్నరకే పొద్దు గూకుతుంది, జూన్‌లో ఏడవుతుంది. మధ్యాహ్నం నుంచి మన టైమంతా దీన్ని బట్టే జరుగుతుంది.

మొదటి అడుగు: ఈదాబాషి, ఉదయం 9 గంటలకు

మనవాళ్లు చాలామంది నిషి కసాయిలో ఉంటారు. వాళ్లకు తోజాయ్ లైన్ నేరుగా ఈదాబాషికి వస్తుంది. అది మెట్రోవాళ్లది, చార్జీ విడిగా పడుతుంది. దిగాక తోయే మెషీన్ దగ్గర పాస్ కొనుక్కోవచ్చు. ఓజిమా, ఫునాబోరి వైపు ఉండేవాళ్లకు ఇంకా మేలు. వాళ్లది తోయే షింజుకు లైన్ కాబట్టి ఇంటి దగ్గరి స్టేషన్‌లోనే పాస్ కొని, మోరిషితాలో ఓఎదోకు మారితే సరిపోతుంది.

ఈదాబాషిలో సీ3 దారి నుంచి బయటికొస్తే మూడు నిమిషాల నడక. తలుపులు తీసే వేళకు అక్కడ ఉండండి. మొదటి అరగంట తోటలో మీరూ, చెట్లూ, ఫోటోలు తీసే ఇద్దరు ముగ్గురు తాతయ్యలూ తప్ప ఎవరూ ఉండరు.

కోయిషికావా కోరాకుయెన్ పనులు 1629లో మొదలయ్యాయి. అప్పట్లో జపాన్‌ను ఏలిన షోగన్ల (సైనిక పాలకుల) వంశంలో మితో శాఖకు చెందిన తోకుగావా యోరిఫుసా మొదలుపెడితే ఆయన కొడుకు మిత్సుకుని పూర్తిచేశాడు. కోరాకు అంటే తర్వాత సుఖపడడం. పాలకుడు ప్రజల కష్టాన్ని వాళ్లకంటే ముందే తలుచుకోవాలి, సుఖాన్ని మాత్రం వాళ్ల తర్వాతే అనుభవించాలి అని ఒక పాత చైనా మాట ఉంది. తోటకు పేరు దాన్నుంచే వచ్చింది.

పెద్ద చెరువు చుట్టూ నడిచి, ఉత్తరం వైపు వెళ్లండి. అక్కడ ఎంగెత్సుక్యో అనే రాతి వంతెన ఉంది. అర్ధచంద్రాకారంలో ఉన్న కమాను నీళ్లలో పడి నిండు చందమామ అవుతుంది. గాలి లేని ఉదయాన స్పష్టంగా కనిపిస్తుంది, పొద్దెక్కితే నీళ్లు కదులుతాయి. ఈ తోటను ముందు పెట్టడానికి ఇదీ ఒక కారణం.

ఆ దగ్గర్లోనే చిన్న వరిమడి ఉంది. మహా తోటలో వరిమడి ఏమిటి అనుకుంటారు. రైతు పడే కష్టం ఏమిటో తన వారసుడి భార్యకు తెలియాలని మిత్సుకుని దీన్ని వేయించాడు. ఇప్పటికీ చుట్టుపక్కల బడి పిల్లలు మే నెలలో ఇక్కడ నాట్లు వేస్తారు, సెప్టెంబర్‌లో కోస్తారు. మేం వెళ్లినప్పుడు నాట్లు పడి కొన్ని రోజులే అయ్యింది. వరసలు అక్కడక్కడ వంకర పోయాయి, ఒక మూల నాలుగైదు మొక్కలు గుంపుగా ఉన్నాయి. మా నాన్న చాలాసేపు అక్కడే నిలబడి, "చిన్నపిల్లలు వేసిన నాటురా ఇది, చూడు, దగ్గర దగ్గరగా పడింది. అయినా పచ్చబడింది" అన్నారు. టోక్యోలో ఆయన ఎక్కువగా చెప్పుకునేది ఆ మడి గురించే.

చెట్ల పైనుంచి టోక్యో డోమ్ తెల్లటి కప్పు కనిపిస్తుంది. పక్కనే వినోద పార్కు ఉంది కాబట్టి రోలర్ కోస్టర్ ఎక్కినవాళ్ల కేకలు అప్పుడప్పుడు వినపడతాయి. నాకైతే అది ఇబ్బందిగా అనిపించలేదు, ఇంత ఊరి నడిమధ్య ఈ తోట మిగలడం ఎంత గొప్పో అది గుర్తు చేస్తుంది. గంటంపావు సరిపోతుంది. ఫిబ్రవరిలో ఉమె (జపాన్ ప్లమ్) పూలు, జూన్‌లో ఐరిస్ పూలు ఉంటాయి కాబట్టి అప్పుడు ఇంకో పావుగంట కలుపుకోండి.

రెండో అడుగు: కియోసుమి, పదకొండు ప్రాంతంలో

మళ్లీ ఈదాబాషి ఓఎదో స్టేషన్‌కు రండి. ఈ లైన్ బాగా లోతున ఉంటుంది, ఎస్కలేటర్ తర్వాత ఎస్కలేటర్ దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెంట ఉంటే లిఫ్ట్ గుర్తు వెతుక్కుని వెళ్లండి. ప్రతి స్టేషన్‌లోనూ ఎక్కిదిగడానికి అయిదు నుంచి పది నిమిషాలు విడిగా లెక్క వేసుకోవాలి. ఫోన్ యాప్ చూపించే టైమ్ నమ్ముకుంటే ఈ లైన్ మీద టెన్షన్ తప్పదు.

ర్యోగోకు, దైమోన్ వైపు అని రాసి ఉన్న ప్లాట్‌ఫాం మీదికి వెళ్లండి. రోజంతా మనది ఈ దిశే. ఎనిమిదో స్టేషన్ కియోసుమి షిరాకావా. ఏ3 దారి నుంచి మూడు నిమిషాలు.

మొదటి తోట పాలకులదైతే ఇది వ్యాపారులది. మిత్సుబిషి స్థాపకుడు ఇవాసాకి యతారో 1878లో ఈ స్థలం కొని తోట వేయించాడు. తర్వాత ఆ కుటుంబం జపాన్ నలుమూలల నుంచి తమ ఓడల్లో మంచి మంచి రాళ్లు తెప్పించి ఇక్కడ పెట్టించింది. ఒక్కో రాయి పక్కన అది ఏ ప్రాంతానిదో రాసిన చిన్న పలక ఉంటుంది. రాళ్లేం చూస్తాంలే అనుకుని లోపలికి వెళ్లినవాళ్లు కూడా రెండో మూడో రాయి దగ్గరికి వచ్చేసరికి ఆగి తడిమి చూస్తారు.

ఇక్కడ తప్పక చేయాల్సింది ఇసోవతారి మీద నడవడం. చెరువు అంచున నీళ్లలోనే పెద్ద పెద్ద బండలు వేశారు, ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి అడుగేస్తూ వెళ్లాలి. బండల మధ్య జానెడు సందులో నీళ్లు, ఆ నీళ్లలో పాదాల పక్కనే ఎర్రగా, తెల్లగా కోయి చేపలు. ఎండ కాసే రోజుల్లో తాబేళ్లు రాళ్లెక్కి మెడ చాచి కదలకుండా పడుకుంటాయి. ఎదురుగా ఎవరైనా వస్తే ఒకరు ఆగి దారి ఇవ్వాలి, అందరూ తలవంచి నవ్వుతూ తప్పుకుంటారు. వాన పడితే మాత్రం బండలు జారతాయి, పెద్దవాళ్లను పక్క దారిలో నడిపించండి.

1923 భూకంపంలో తోట చాలా దెబ్బతింది. అయినా చుట్టూ మంటలు లేచినప్పుడు ఎంతోమంది ఇందులోకి వచ్చి ప్రాణాలు దక్కించుకున్నారు. మరుసటి ఏడాది ఇవాసాకి కుటుంబం బాగా ఉన్న సగాన్ని నగరానికి ఇచ్చేసింది. 1932లో ప్రజలకు తెరిచారు. ముచ్చటైన ఈ చెరువు ఒడ్డున నడుస్తున్నప్పుడు ఆ సంగతి గుర్తుంటే చెట్లను చూసే చూపే వేరుగా ఉంటుంది.

భోజనం ఇక్కడే కానిచ్చేయండి. తోటను ఆనుకుని కియోసుమి పార్కు ఉంది, దానికి టికెట్టు లేదు. ఇంటి నుంచి పులిహోరో, పెరుగన్నమో డబ్బాలో తెచ్చుకుంటే ఖర్చూ లేదు, వెతుకులాటా లేదు. ఏమీ తేలేదనుకుంటే దారిలో కన్వీనియెన్స్ స్టోర్‌లో ఒనిగిరి అనే అన్నం ముద్దలు రెండు కొనుక్కోండి. శాకాహారులు ఉమె, అంటే ఊరబెట్టిన పుల్లటి పండు పెట్టినది తీసుకోవచ్చు. కొంబు అనే సముద్రపు నాచు పెట్టింది కూడా ఉంటుంది గానీ, రెండింట్లోనూ చేప రసం కలిసి ఉండొచ్చు. పట్టింపు ఉన్నవాళ్లు ప్యాకెట్ వెనక రాసింది ఫోన్ కెమెరాతో అనువదించి చూసుకోండి. చెత్తబుట్టలు దొరకవు. ఒక కవరు దగ్గరుంచుకుని చెత్త ఇంటికే పట్టుకెళ్లాలి, ఇక్కడ అందరూ చేసేది అదే.

మూడో అడుగు: హమారిక్యూ, ఒంటిగంట నుంచి

అదే దిశలో అయిదు స్టేషన్లు వెళ్తే షియోదోమె. అక్కణ్నుంచి ఏడెనిమిది నిమిషాల నడక. రెండు ద్వారాలున్నాయి. నా మాట విని ఓతెమోన్ అనే పెద్ద ద్వారం నుంచే వెళ్లండి. లోపలికి అడుగుపెట్టగానే మూడు వందల ఏళ్ల పైన్ చెట్టు ఎదురవుతుంది, పైకి కాకుండా పక్కలకు పాకి, కొమ్మలన్నీ కర్రల ఊతం మీద ఆనించి ఉంటుంది. ఆరో షోగన్ ఇయెనోబు తోటను బాగుచేయించినప్పుడు నాటించిన చెట్టు అది.

అంతకుముందు ఇదంతా సముద్రం అంచు. 1654లో ఇయెనోబు తండ్రి మత్సుదైరా త్సునాషిగె కొంత సముద్రాన్ని పూడ్పించి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. కొడుకు షోగన్ అయ్యాక ఇది షోగన్ల తోట అయింది. వియత్నాం నుంచి తెచ్చిన ఒక ఏనుగును 1729లో ఎనిమిదో షోగన్ యోషిమునె చూశాక, దాన్ని ఏళ్ల తరబడి ఉంచింది కూడా ఇక్కడే.

నడుమ ఉన్న చెరువు పేరు షియోఇరి. అందులో ఉన్నది సముద్రపు నీరు. కాలువ మీద తూము తలుపులు పెట్టి, ఆటుపోట్లను బట్టి నీళ్లను లోపలికి, బయటికి వదులుతారు. టోక్యో నడిబొడ్డున ఇలా సముద్రం పీల్చుకునే చెరువు ఇదే మిగిలింది. చెరువు అంచు రాళ్లను దగ్గరగా చూడండి. నీళ్లు ఎంతవరకు వచ్చి వెళ్లాయో తడి గీత చెబుతుంది, కింది రాళ్లకు గుల్లలు అంటుకుని ఉంటాయి. ఉదయం చూసినది కొండల మధ్య చెరువు లాంటిది, ఇక్కడ ఉప్పు వాసన ముక్కుకు తగులుతుంది.

చెరువు మధ్యలోకి 118 మీటర్ల పొడవున చెక్క వంతెన ఉంది. మధ్యలో టీ గది. చాప మీద కూర్చుని మాచ్చా అనే పచ్చ టీ, ఒక తీపి ముక్కా తీసుకోవచ్చు. ఈ రోజు మొత్తంలో డబ్బు కాస్త ఎక్కువ పెట్టదగ్గ చోటు ఏదైనా ఉంటే అది ఇదే. పెట్టలేకపోయినా బాధ లేదు, వంతెన మీద నిలబడి చూస్తే చెరువు వెనక షియోదోమె ఆకాశహర్మ్యాలు, నీళ్లలో వాటి నీడలూ అన్నీ కనిపిస్తాయి. ఫిబ్రవరి నెలాఖరు, మార్చి వేళల్లో వెళ్తే ఒక పొలమంతా పసుపుపచ్చగా ఆవపూల లాంటి నానోహానా పూలు. 

ఎండాకాలంలో నీడ తక్కువ కాబట్టి గొడుగు, నీళ్లు ఉండాలి. జూలై, ఆగస్టుల్లో ఇక్కడ 35 డిగ్రీలు దాటడం మామూలే, ఉక్కపోత విజయవాడకు తీసిపోదు. ఆ నెలల్లో ఈ ప్లాన్ పెట్టుకుంటే కియోసుమి తర్వాత ఎక్కడైనా ఏసీలో గంటసేపు కూర్చోండి.

హమారిక్యూ నుంచి ఎప్పుడు కదలాలంటే, సూర్యాస్తమయానికి గంటన్నర ముందు. డిసెంబర్‌లో మూడుకే బయల్దేరాలి. మే, జూన్‌లలో తోట అయిదుకు మూసేశాక కూడా పొద్దు మిగులుతుంది. అప్పుడు ఒక్క స్టేషన్ ముందుకెళ్లి దైమోన్‌లో దిగండి. జోజోజి గుడి ఆవరణలోకి ఉచితంగా వెళ్లొచ్చు. గుడి వెనకే 333 మీటర్ల టోక్యో టవర్ ఎర్రగా లేచి ఉంటుంది. ఎక్కకపోయినా పర్వాలేదు, గుడి కప్పుతో కలిపి కింది నుంచి చూడ్డమే నాకిష్టం. అదీ ఓఎదో లైన్ పక్కనే, పాస్ ఉండనే ఉంది.

నాలుగో అడుగు: తోచోమాయె, పొద్దు వాలే వేళ

తోచోమాయె అంటేనే మహానగర ప్రభుత్వ కార్యాలయం ముందు అని అర్థం. షియోదోమె నుంచి తొమ్మిదో స్టేషన్, దాదాపు ఇరవై నిమిషాలు. రొప్పోంగి, షింజుకు దాటాక వస్తుంది. షింజుకులో జనం చాలా దిగుతారు, మీరు దిగకండి.

భవనం 243 మీటర్ల ఎత్తు, కెంజో తాంగె రూపకల్పన చేశారు. పైన రెండు శిఖరాలుగా చీలి ఉంటుంది. ఒకటో అంతస్తులో దక్షిణ వైపు గది కోసం ఉన్న వరుసలో నిలబడాలి. సంచులు తెరిచి చూస్తారు, తర్వాత లిఫ్ట్ నేరుగా 45వ అంతస్తుకు తీసుకెళ్తుంది, నిమిషం కూడా పట్టదు. ఉదయం 9:30 నుంచి రాత్రి 10 వరకు తెరిచి ఉంటుంది, 9:30 వరకే పైకి పంపుతారు. శని, ఆదివారాల్లో వరుస పొడుగ్గా ఉంటుంది, అందుకే సూర్యాస్తమయానికి నలభై నిమిషాల ముందే అక్కడుండమంటాను.

పైకి వెళ్లగానే అందరూ మొదటి కిటికీ దగ్గరే గుమిగూడతారు. మీరు వాళ్లను దాటుకుని పడమటి వైపుకు నడవండి. చలికాలం ఆకాశం తేటగా ఉంటే అటే ఫూజీ పర్వతం కనిపిస్తుంది. ముందు మంచు తెల్లగా, సూర్యుడు దిగాక నల్లటి ముక్కోణంలా, వెనక నారింజ వెలుగుతో. వేసవిలో చెమ్మగాలి వల్ల దాదాపు కనిపించదు, దానికోసమే వెళ్లి నిరాశపడకండి. ఫూజీ కనిపించకపోయినా చీకటి పడేకొద్దీ దీపాలు ఒక్కో పేటా వెలుగుతూ రావడం చూడదగ్గది. గదిలో చిత్రకారిణి యాయోయి కుసామా చుక్కలతో తీర్చిన పియానో ఉంది, వచ్చినవాళ్లలో వాయించడం తెలిసినవాళ్లు కూర్చుని వాయిస్తారు. అద్దంలో లోపలి దీపాలు పడి ఫోటోలు చెడతాయి కాబట్టి ఫోన్‌ను అద్దానికి ఆనించి, చుట్టూ చెయ్యి అడ్డం పెట్టి తీయండి.

కిందికి దిగాక వెంటనే వెళ్లిపోకండి. 2024 ఫిబ్రవరి నుంచి ఈ భవనం గోడ మీదే రంగుల బొమ్మల ప్రదర్శన వేస్తున్నారు. చీకటి పడ్డాక మొదలై దాదాపు అరగంటకోసారి ఉంటుంది. ముందున్న ప్రాంగణంలో మెట్ల మీద కూర్చుని చూడొచ్చు, దీనికీ టికెట్టు లేదు.

ఖర్చు కూడితే పాస్ 700, తోటలు 750, వెరసి 1,450 యెన్‌లు. ఈమధ్య మారకం లెక్కన తొమ్మిది వందల రూపాయల లోపే. 65 దాటిన అమ్మకో నాన్నకో 1,070 సరిపోతాయి. తిండీ, టీ మీ ఇష్టం. మూడు తోటలు ఎక్కువ అనిపిస్తే కియోసుమి, హమారిక్యూ ఉంచుకుని కోయిషికావాను ఇంకో రోజుకు వదలండి. పసిపిల్లలున్నవాళ్లకు అదే నయం.

తోచోమాయె నుంచి తిరిగి వెళ్లడం కూడా తేలికే. ఈదాబాషి వైపు రైలెక్కి అక్కడ తోజాయ్ లైన్‌కు మారొచ్చు. కాళ్లు లాగుతూ సీటు కావాలనిపిస్తే కూడా ఆ రైలే ఎక్కండి. అది తోచోమాయెలోనే మొదలవుతుంది కాబట్టి ఖాళీగా ఉంటుంది, అమ్మానాన్నలకు కూర్చునే చోటు దొరుకుతుంది. పాస్ ఆ రోజు చివరి రైలు దాకా పనిచేస్తుంది.